మాలచ్చిని పిలవమన్నారు

సాయంత్రం ఎండ తగ్గేసరికి వీధి వరండా ఊడ్చి, నీళ్ళు చల్లి, ఈత చాపలు పరిచేదాన్ని. హిందీ క్లాసుకి పిల్లలొచ్చే వేళ అది. ముందొచ్చిన వాళ్ళు గోడవారకి కూర్చోవాలని పోటీ పడేవారు. వీపు ఆనుతుందని. ఇప్పుడా చాపలు చుట్టి అటకెక్కించేశాను. ఆ వేళకి చేతికి పని ఉండదు. గడప దగ్గర నిలబడి, బెల్లం మార్కెట్టు నుంచి తిరిగొచ్చే బళ్ళని చూస్తూ ఉంటాను.

మా ఆయన పేరు మహేశ్వరరావు. అనకాపల్లిలో అందరూ హిందీ పండితులుగారు అనేవారు. పుట్టింది రాజయ్యపేటలో, సముద్రం ఒడ్డున. వాళ్ళ నాన్నకి తెప్ప ఉండేది. ఈయన మీసాలు రాకముందే మేనమామ వెంట గుజరాత్ వెళ్ళారు, వెరావల్ బోట్ల మీద పనికి. అక్కడ విషజ్వరం వచ్చి ఆసుపత్రిలో పడేస్తే, డాక్టరు ఏదో అడగడం, ఈయనకి తెలియకపోవడం, ఈయన చెప్పింది డాక్టరుకి తెలియకపోవడం. పొట్ట నొక్కి చూపిస్తే ఆకలి అనుకుని రొట్టె ఇచ్చారట. నవ్వుతూనే చెప్పేవారు గానీ ప్రతిసారీ చివర్లో ఆగిపోయేవారు. "మన దేశంలోనే నేను మూగవాణ్ణయిపోయాను" అనేవారు.

తిరిగొచ్చి మళ్ళీ తెప్ప ఎక్కలేదు. నక్కపల్లిలో ఒక మాస్టారి దగ్గర హిందీ మొదలుపెట్టి పరీక్షలన్నీ ప్యాసయి, ఇక్కడ స్కూల్లో ఉద్యోగం తెచ్చుకున్నారు. బడి అయ్యాక ఇంటి దగ్గర క్లాసు. బోట్ల మీదకి వెళ్ళే కుర్రాళ్ళకి, పటాలానికి వెళ్ళే వాళ్ళకి ఊరికే చెప్పేవారు. దేశమంటే ఏమిటి మేస్టారూ అని ఎవరైనా అడిగితే, ఎక్కడ జ్వరమొచ్చినా నొప్పి ఎక్కడో చెప్పుకోగలిగిన చోటు అనేవారు. జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేశాక ఒక్కొక్కడి చేతా ఒక్కొక్క వాక్యం హిందీలో చెప్పించి, చివరికి అందరి చేతా "హమ్ సబ్ ఏక్ హై" అనిపించేవారు. వరండా అదిరిపోయేది. ఈయన కళ్ళు చెమర్చేవి. అందరం ఒకే మాట మాట్లాడితే అందరం ఒకటవుతామని ఆయన నమ్మకం. నమ్మి బతికారు.

నాదీ రాజయ్యపేటే. మహాలక్ష్మిని. ఊళ్ళో మాలచ్చి అనేవారు. చదువు ఐదో తరగతి. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఒక సాయంత్రం క్లాసు జరుగుతుంటే వరండాలోకి వెళ్ళి, "ఏటి సేత్తన్నావు మావా, బువ్వ సల్లారిపోతంది" అన్నాను. టౌను పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మర్నాడు బళ్ళో కూడా అదే ఆట అయిందట. ఆయన నన్ను తిట్టలేదు. ఎప్పుడూ తిట్టలేదు. రాత్రి భోజనానికి కూర్చుని, "మనమే సరిగ్గా మాట్లాడకపోతే వాళ్ళకేం నేర్పుతాం? రేపట్నుంచి ఇంట్లో పుస్తకం మాట మాట్లాడుకుందాం, నేనూ మాట్లాడతాను" అన్నారు. అలాగే మాట్లాడారు. నా నోట ఊరి మాట వస్తే వేలు కొంచెం ఎత్తేవారు, అంతే. ఆ వేలు చూసి నేను మాట దిద్దుకునేదాన్ని. దిద్దుకోవడం కంటే ఊరుకోవడం తేలికని కొన్నాళ్ళకి తెలిసింది. ఇప్పుడు నేను రాస్తున్న ఈ నాలుగు ముక్కలూ ఆయన దిద్దిన భాషే.

ఆయన చెల్లెలు కొర్లమ్మ. నక్కపల్లి బస్సెక్కి చేపల గంపతో అనకాపల్లి వచ్చేది. దాని గొంతు పెద్దది, సముద్రం హోరులో పెరిగిన గొంతు. క్లాసు వేళకి వస్తే దొడ్డివైపు నుంచి రమ్మనేవారు అన్నగారు. అది దొడ్డిగుమ్మంలో గంప దించి, ఉన్నంతసేపూ గొణిగేది.

"సూసేవా వదినా? దేశానికంతా మాటలు నేర్పుతన్నాడు మీ ఆయన. ఇంట్లో ఉన్నదాని నోరు మాత్రం కుట్టేసేడు."

"ఊరుకో కొర్లమ్మా, వింటారు."

"ఇననీ. ఊరుకో అనీది కూడా ఎంత సక్కగా అంతన్నావే తల్లీ, రేడియోలో వార్తలు సదివినట్టు."

నవ్వేదాన్ని.

రిటైరయ్యాక పిల్లలు తగ్గిపోయారు. హిందీ టీవీలోనే వచ్చేస్తోంది. వీధి చివర స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు పెట్టారు. ఆయన బాధపడతారని భయపడ్డాను గానీ బాధపడలేదు. పాన్ షాపులో కుర్రాళ్ళు హిందీ పాట పాడుతుంటే ఆగి విని, "దేశం ఒకటవుతోంది లక్ష్మీ, నేను లేకపోయినా అవుతుంది" అన్నారు.

ఆ సంవత్సరమే పైడిరాజు వచ్చాడు. రాజయ్యపేట కుర్రాడు, ఈయన దగ్గర హిందీ నేర్చుకుని వెరావల్ వెళ్ళి అక్కడే స్థిరపడిపోయాడు. పళ్ళూ స్వీట్లూ తెచ్చి కాళ్ళకి దండం పెట్టాడు.

"మేస్టారూ, మీ దయవల్ల బోటు మీద పనోణ్ణి కాస్తా బోటుకి పెద్దనయ్యేను. నా కొడుకయితే నాకంటే బాగా మాటాడతాడు. అక్కడే పుట్టేడు కదా."

"తెలుగు వచ్చా వాడికి?" అన్నారు ఈయన.

"ఏదీ! మొన్న మా అమ్మ కాడికి తీసికెల్తే ఈడు హిందీ, అది మన బాస. అది ఆడి నెత్తి నిమురుతాది, ఆడు బిత్తరపోయి సూత్తాడు. అది ఏడిసింది. నాను మద్దిలో కూసుని ఇటొకటి అటొకటి సెప్పలేక సచ్చేను." పైడిరాజు పెద్దగా నవ్వాడు. ఈయన కూడా నవ్వారు.

అతను వెళ్ళాక ఆ పూట ఇద్దరే పిల్లలొస్తే క్లాసు లేదని పంపేశారు. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"మన ఊళ్ళో గాలికి ఎన్ని పేర్లుండేవి? నీకు గుర్తున్నాయా?"

"కొండగాలి ఒకటండీ. మిగతావి ఏమో."

"నాకూ అంతే" అన్నారు.

వానాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక కొన్నాళ్ళు మాటే లేదు. తర్వాత వచ్చిన మాట చూసి నేను మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయాను. హిందీ లేదు. పుస్తకం మాటా లేదు. నలభై ఏళ్ళు ఆయన నోట వినని మాట, "వల తడిసిపోనాది, ఎండలో ఎయ్యండ్రా" అంటున్నారు. పాత పిల్లలు చూడడానికొచ్చి హిందీలో నమస్కారం చేస్తే, ఎవరో పోలీసులొచ్చినట్టు దుప్పటి లాక్కున్నారు. డాక్టరుగారు, ఇలాగ జరుగుతుందమ్మా, చిన్నప్పటి మాట ఒక్కోసారి మిగిలిపోతుంది, ఆ మాటలోనే మాట్లాడిస్తూ ఉండండి, అన్నారు.

నేను గంజి పట్టుకెళ్ళి, "కొంచెం తాగుతారా?" అన్నాను.

నా మొహంలోకి చాలాసేపు చూశారు. "ఎవులమ్మా నువ్వు? ఎవులింటి మడిసివి?"

కొర్లమ్మకి కబురు పెట్టాను. అది గంప వీధిలోనే దించి, ఆ వరండాలోంచే లోపలికొచ్చింది.

"ఏటన్నియ్యా, పట్టపగలు తొంగున్నావేటి? తెప్పలన్నీ ఎల్లిపోనాయి."

ఆయన మొహం వెలిగింది. "వల్లో కవళ్ళు పడ్డాయేటే?"

"పడ్డాయి. నీ వాటా పిల్లి తినేసింది."

ఆయన నవ్వారు, మూతి ఒక పక్కకి లాగుతున్నా నవ్వారు. దాని చేత్తో గంజి తాగారు. నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. నా మొగుడు కొన్ని వారాల తర్వాత నవ్వుతున్నాడు, ఆ నవ్వు నాకు కాదు.

అది రోజూ రాలేదు కదా. చేపలమ్ముకుంటేనే దాని ఇల్లు గడుస్తుంది. అందుకని నాకు నేర్పమన్నాను. దొడ్లో కూర్చోబెట్టి నేర్పింది. మా అమ్మ మాట, నేను పుట్టి పెరిగిన మాట, నాకు ఇంకొకరు నేర్పడం. కొర్లమ్మ ఒక మాటంటే నేనూ అదే అనేదాన్ని. మాట సరిగ్గానే ఉండేది గానీ పాఠం అప్పజెప్పినట్టు వచ్చేది. అది మొదట పకపకా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, నా భుజం మీద చెయ్యేసి, "పోన్లే వదినా, వత్తాది" అంది. ఒక్కసారి నన్ను గుర్తుపడితే చాలనుకున్నాను. ఒక్కసారి, ఇది మాలచ్చి అని.

చలి మొదలయ్యాక ఒక పొద్దున్న, తేటగా, తెలివిగా చూస్తూ, "మాలచ్చీ" అని పిలిచారు. గిన్నె వదిలేసి పరిగెత్తాను. నేర్చుకున్నవన్నీ నాలిక చివరే ఉన్నాయి. ఆయన మొహం చూసేసరికి ఒక్కటీ లేదు.

"ఇక్కడే ఉన్నానండీ. ఏం కావాలి మీకు?"

ఆయన చిన్నబుచ్చుకోలేదు. పరాయి ఆడమనిషితో మాట్లాడినట్టు మర్యాదగా అన్నారు. "ఓ పాలి మాలచ్చిని పిలు తల్లీ. లోపలేటి సేత్తందో. నోట్లో మాట ఒకటుంది, సెప్పాల."

"పిలుస్తాను" అన్నాను.

వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మావా, మావా అని నాలోనే అనుకున్నాను. మాట కొంచెం కూడగట్టుకుని మళ్ళీ వెళ్ళేసరికి నిద్రపోయారు. ఆ నిద్రలోంచి సరిగ్గా లేవలేదు. ఆ వారంలోనే పోయారు. ఆయన చెప్పాలనుకున్న మాటేమిటో నాకు తెలియదు. ఉప్పు తక్కువైందనే కావచ్చు.

సంతాపసభ పెట్టారు. ఎక్కడెక్కడి నుంచో పాత పిల్లలొచ్చారు, పటాలంలో చేసినవాళ్ళు, రైల్వేలో ఉన్నవాళ్ళు. అస్సాంలో తుపాకీ పట్టుకుని నిలబడినప్పుడు మేస్టారి హిందీయే నన్ను కాపాడిందని ఒకాయన ఏడ్చాడు. అబద్ధం కాదు. ఆయన చేసింది చిన్న పని కాదు. నేనూ చప్పట్లు కొట్టాను. నన్ను రెండు మాటలు మాట్లాడమంటే చెయ్యి అడ్డంగా ఊపాను. పాపం, ఆవిడ మొదట్నుంచీ మితభాషి అన్నారు. మొదట్నుంచీ కాదు.

ఈరోజు మినప్పప్పు నానబోశాను. రుబ్బుదామని కూర్చునే వేళకి కొర్లమ్మ వచ్చింది. గంపలో నెత్తళ్ళు మిగిలిపోయాయని తిట్టుకుంటూ కూర్చుని, మాటల్లో మా అమ్మ ఊసెత్తింది. మా నాన్న తెప్ప ఆలస్యమైతే మా అమ్మ ఒడ్డున నిలబడి ఎలా తిట్టేదో చేతులు తిప్పుతూ చెబుతోంది, ఒక్క తిట్టూ వదలకుండా.

"మళ్ళీ సెప్పు" అన్నాను.

అది నన్ను చూసింది. మళ్ళీ మొదలుపెట్టింది. చీకటి పడుతోంది. పప్పు నీళ్ళలోనే ఉంది, ఇంక పొద్దున్నకి వాసనొచ్చేస్తుంది. వస్తే రానీ. ఇవాళ రుబ్బను.