నాట్లేస్తూ విన్న హత్య కథ

ఆదివారం. పొద్దున్నే ఫోన్ తెరిస్తే కోదాడ కాలేజీలో మా తెలుగు సార్ పంపిన మెసేజ్... "రేపు 'నాకు నచ్చిన పుస్తకం' సభలో ఆ డిటెక్టివ్ నవల వద్దమ్మా. మంచి పుస్తకం ఏదైనా చూసుకో."

మంచి పుస్తకమట... టీ చల్లారిపోయింది, నా కోపం చల్లారలేదు.

మా చిన్నప్పుడు త్రిపురారం పొలాల్లో నాట్లంటే పాటలే. ఒక యాసంగి పంటలో మాత్రం పాటలు ఆగి హత్య కథ మొదలైంది. సూర్యాపేటలో పాత పుస్తకాల కొట్టు నుంచి నాన్న తెచ్చిన 'నీరటి లింగయ్య' నవలలు... సెలవు రోజుల్లో ఒడ్డు మీద కూర్చుని నేనే చదివి వినిపించేదాన్ని. నాటేవాళ్లు వెనక్కి నడుస్తారు కదా... వాళ్లతో పాటే నేనూ ఒడ్డు మీద జరిగేదాన్ని.

రాజుల కాలం కథలవి. కానీ రాజు ఒక్క పేజీలోనూ కనిపించడు. చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్లు వదిలే నీరటి లింగయ్య ఉంటాడు. వంతు కాని రోజున ఎవరి మడి తడిసిందో చూసి, రాత్రి ఎవరు ఎటు తిరిగారో చెప్పేస్తాడు. కత్తులు లేవు, గుర్రాలు లేవు... ఆరిన మట్టి, తడిసిన మట్టి, అంతే. తూము, చెరువు నిండితే పొర్లే అలుగు, మడి గట్టుకు ఒరం... ఆ మాటలు చదువుతుంటే నోట్లో నీళ్లు కదిలినట్టుండేది.

సార్ ఇప్పుడు వద్దన్న నవలలోనే, శవం పక్కన లింగయ్య నిలబడే చోటు రాగానే మా పక్కింటి యాదమ్మత్త నారుకట్ట వదిలేసి నడుము నిలబెట్టింది.

"వాడే సంపిండు."

"ఎవరత్తా?"

"ఆ లింగయ్యే. నీళ్లొదిలెటోన్ని నమ్ముతవా నువ్వు?"

మావి కాలువ చివరి భూములు. నీళ్లు వదిలేవాడంటే మా వాళ్లకు ఎప్పుడూ అనుమానమే...

అమ్మ నవ్వింది. "హంతకున్ని పట్టేటోడే వాడు వదినా."

"అందుకే ఇంకా దొరుకుత లేడు."

మడి మడంతా నవ్వులు... సాళ్లు వంకరపోయాయి.

చివరికి చంపింది చనిపోయినవాడి అన్నే అని చదివాను. అయినా యాదమ్మత్త ఒప్పుకోలేదు. "రాసినోనికి ఆ లింగయ్య సుట్టమై ఉంటడు," అంది.

మోకాలి లోతు బురదలో నిలబడ్డ మనిషి, రాసినవాడితోనే తగువు పెట్టుకుంది. ఇంతకన్నా మంచి పుస్తకం ఇంకేం చేయాలి? దానికి బహుమతులు రాలేదు, మా క్లాసులో ఎవరూ దాని పేరు వినలేదు... అది ఆ పుస్తకం తప్పు కాదు.

ఇప్పుడు మా ఊళ్లో నాట్లకు వేరే రాష్ట్రాల నుంచి ముఠాలు వస్తున్నాయి. ఒడ్డు మీద కూర్చుని నేను తెలుగు కథ చదివితే వినేవాళ్లు లేరు... అందుకే సభలోనైనా చదవాలి.

"మార్చను సార్," అని జవాబు పంపాను. కాసేపటికి ఆయన నుంచి... "అయితే మొదట నువ్వే మాట్లాడు. బాగా లేకపోతే మధ్యలో ఆపేస్తా."

ఎవరూ గొప్పదని ఒప్పుకోకపోయినా మీరు వదులుకోని పుస్తకం ఒకటి మీకూ ఉండే ఉంటుంది... దాని పేరు కింద రాయండి. రేపు పొద్దున మొదటి బస్సుకే మిర్యాలగూడ వెళ్లి, అక్కడి నుంచి కోదాడ బస్సెక్కుతాను. దారిలో మీరు రాసినవన్నీ చదువుకుంటాను.

వేదిక ఎక్కాక స్వాగతాలు, నమస్కారాలు ఏమీ ఉండవు... శవం దొరికిన పేజీ నుంచే మొదలుపెడతాను. ఆపమనండి చూద్దాం.