రేకాబీయుల కూతురు

మా నాన్న ఒకే ఒక్క ప్రసంగంతో తాగుడు మానేశాడు. సికింద్రాబాద్‌లో మేం వెళ్లే చర్చిలో ఆ ఆదివారం పాస్టరుగారు బైబిల్లోని రేకాబీయుల గురించి చెప్పారు. రేకాబు కొడుకు యోనాదాబు తన సంతతికి ఆజ్ఞ పెట్టాడు: ద్రాక్షారసం ముట్టకూడదు, పొలం దున్నకూడదు, ఇల్లు కట్టకూడదు, బతికినన్నాళ్లూ గుడారాల్లోనే ఉండాలి. వాళ్లు ఎడారి అంచుల్లో మందలు తోలుకుంటూ తరతరాలు ఆ మాట మీదే నిలబడ్డారు. సాక్షాత్తూ ప్రవక్త గిన్నెలు నింపి ముందు పెట్టినా, మాకొద్దని తెగంతా ఒక్క గొంతుతో చెప్పింది.

నాన్న రైల్వేలో గూడ్స్ గార్డు. పాస్టరుగారు చెప్పింది సీసా గురించి. ఈయన అధ్యాయం మొత్తం నెత్తిన పెట్టుకున్నాడు. తోటి గార్డులంతా బోయిన్‌పల్లి వైపు ప్లాట్లు కొంటుంటే మనకు వద్దన్నాడు. నాచేతా తమ్ముడిచేతా బైబిలు మీద చెయ్యి పెట్టించి, జీవితంలో సొంతిల్లు అనేది ఉండకూడదని మాట తీసుకున్నాడు. "తాగుడు మానాలని నేను ప్రార్థన చేస్తే, ఈయన ఇల్లు కూడా మానేశాడు" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నవ్వుతూనే చెప్పేది.

రిటైరయ్యాక రైల్వే క్వార్టరు పోయింది. అద్దె ఇళ్లు మారుతూ మారుతూ ముందు అమ్మ, తర్వాత పెళ్లి కాకుండానే తమ్ముడు చనిపోయారు. రాంగోపాల్‌పేట్‌లో రెండు గదుల పోర్షన్‌లో నేనూ నాన్నా మిగిలాం. నాకూ పెళ్లి కాలేదు. అయ్యుంటే బాగుండేదని ఇప్పుడు చాలాసార్లు అనిపిస్తుంది.

నాన్న ఆస్పత్రిలో పోయాడు. ఇంటి ఓనరుకి ఫోన్ చేశాను.

"ఏమనుకోకమ్మా, లోపటికైతే తేవద్దు. ఇంట్ల పెండ్లి సుత ఉంది. జెర అర్థం చేస్కో" అన్నాడు.

చెడ్డవాడేం కాదు. అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వకపోవడం ఇక్కడ మామూలే. టెంట్ హౌసుకి తనే ఫోన్ చేసి గల్లీలో షామియానా వేయించాడు. దాని కింద నాన్న ఒక పూటంతా పడుకున్నాడు. ఆటోలు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచే పోయాయి. గుడారం గుడారం అన్న మనిషికి చివరికది దొరికింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నాన్న మీదా, యోనాదాబు మీదా.

కొన్నాళ్లకి ఆ అధ్యాయం నేనే తీసి చదివాను. శత్రుసైన్యం వస్తోందని తెలియగానే ఆ రేకాబీయులు కూడా భయపడి యెరూషలేముకి వచ్చి ఊళ్లోనే ఉన్నారట. నాన్న ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ల వంశం ఎప్పటికీ ఆగదని దేవుడి వాగ్దానం కూడా అక్కడే ఉంది. మా వంశంలో మిగిలింది నేనొక్కదాన్నే. నా తర్వాత ఈ ఆజ్ఞ ఎవరికి? నేను పోయాక నన్ను మాత్రం రోడ్డు మీద పెట్టకూడదనుకున్నాను. బోయిన్‌పల్లిలో, కూరగాయల మార్కెట్ వెనక, చిన్న ఫ్లాటు చూసుకున్నాను. నాన్న బతికుంటే ఒప్పుకోడని తెలుసు. వారాల తరబడి భయపడుతూనే కాగితాలు సిద్ధం చేసుకున్నాను.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో డాక్యుమెంట్ రైటరు తలెత్తి చూశాడు.

"మీ దిక్కు సాక్షులేరి మేడం? ఇద్దరు గావాలె."

"ఎవరూ లేరు బాబూ."

"అన్నదమ్ములు? చుట్టాలు?"

లేరని మళ్లీ చెప్పాను.

"పరేషాన్ గాకుర్రి. మావోళ్లు పెడ్తరు" అని బయట చాయ్ తాగుతున్న ఇద్దరిని కేకేశాడు.

వాళ్లు వచ్చి, నా మొహం కూడా చూడకుండా చూపించిన చోటల్లా సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. నాన్నకిచ్చిన మాట తప్పుతున్నానని వాళ్లకేం తెలుసు? తప్పు చేస్తున్నావే అని ఒక్కరైనా తిడితే బాగుండుననిపించింది. తిట్టడానికి నావాళ్లంటూ ఉండాలి కదా.

బయటికొచ్చాక వాళ్లలో ఒకాయన, వేలికి అంటిన సిరా గోడకి రుద్దుకుంటూ, "ముబారక్ మేడం. గృహప్రవేశం ఎప్పుడు?" అన్నాడు.

"వచ్చే ఆదివారం. మీరిద్దరూ తప్పకుండా భోజనానికి రావాలి" అన్నాను.

వేళాకోళం అనుకుని నవ్వేసి, చాయ్ దగ్గరికి వెళ్లిపోయాడు. నేను నిజంగానే పిలిచాను.