వన్స్‌మోర్

మా దమ్మపేట వైపు పద్యనాటకంలో రాజు వేషమంటే ఆయనే. పద్యం నచ్చితే జనం "వన్స్‌మోర్" అని అరిచేవాళ్లు, ఆయన మళ్లీ మొదటినుంచీ అందుకునేవాడు. ఆయన పోయిన వారానికి మార్కెట్ షెడ్డులో సంతాప సభ పెట్టారు.

సంతాప సభలంటే నాకు చిరాకు. పోయినవాడి గురించి రెండు ముక్కలు, తమ గురించి గంపెడు చెప్పుకుంటారు. ఇక్కడా అదే జరిగింది. అందరూ నిలబడి మౌనం పాటించి కూర్చున్నాక, ఎవరో ఆయన పద్యం క్యాసెట్ పెట్టారు.

అదే గొంతు. ఊపిరి ఎక్కడ దాచుకున్నాడో తెలియకుండా రాగం తీసి తీసి ముగించాడు. ముందు వరసలోని ముసలమ్మ ఒకావిడ అలవాటు కొద్దీ చెయ్యెత్తి, "వన్స్‌మోర్!" అని అరిచింది.

పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. "ఏంది పెద్దమ్మా, గిట్లనా? మనిషి పోయిండు గద!"

"అవ్, తెలుసులే. ఎన్నడన్న కాదన్నడా ఆయన?"

దండ వేసిన ఫొటో పక్కన కూర్చున్న ఆయన భార్య ఫక్కున నవ్వింది. తనే లేచి క్యాసెట్ వెనక్కి తిప్పింది.

ఈసారి పద్యం అయిపోగానే నేను ఈల వేశాను.