అద్దంలో నాలుగు మంటలు

గుణదలలో ఒక పిల్లల డాక్టరు గారి ఆసుపత్రి కట్టడం సైటు ఇంజనీరుగా నా మొదటి పని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గది పడమటి వైపు వచ్చింది. మన ఎండ సంగతి తెలిసిన ఆవిడ ఆ గోడకు డబుల్ గ్లేజింగే కావాలన్నారు. అంటే రెండు అద్దాలు, వాటి మధ్య బంధించిన పొడిగాలి, బయటి అద్దం లోపలి ముఖాన కంటికి కనపడని పూత. ఎండ వేడిని వెనక్కి పంపేది ముఖ్యంగా ఆ పూతే. తిరగేసి బిగిస్తే గది కాగుతుంది.

అలాంటి జంట అద్దాలు ఆరు శుక్రవారం వచ్చాయి. కొత్త సామాను కదా అని కూలీలు వాటిని కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టారు. ఆ కడగడంలో ఏ ముఖం బయటికి ఉండాలో చెప్పే స్టిక్కర్లన్నీ ఊడిపోయాయి. కొలతలు, మందం, సంఖ్య అన్నీ లిస్టులో టిక్కు పెట్టుకున్న నేను అదొక్కటీ రాసుకోలేదు. అద్దాల మేస్త్రి ఆ రోజు ఉయ్యూరులో ఉన్నారు. సోమవారమే ప్రారంభం. ఆగలేక, ఊహించి రెండు బిగించేయించాను.

మర్నాడు పొద్దున్నే వచ్చిన మేస్త్రి సంగతి విని, నా లిస్టు చూసి నవ్వారు.

“ఇన్ని గళ్ళు గీశారు, ఎటు తిప్పాలో ఒక్క గడి పెట్టలేదేంటండీ?”

జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి వెలిగించి, అద్దం ముందు కాస్త ఏటవాలుగా పట్టారు. లోపల వరుసగా నాలుగు మంటలు కనిపించాయి. రెండు అద్దాలకు నాలుగు ముఖాలు, ముఖానికొకటి. మూడు పసుపుపచ్చగా ఉన్నాయి, ఒకటి గులాబీ రంగుకు తిరిగింది.

“అదిగోండి పూత. బయట నుంచుని చూస్తే రెండోది అవ్వాలి.”

నాలుగేళ్ల చదువులో ఇంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు.

నేను బిగించిన మొదటిది సరిగ్గానే ఉంది. రెండోదాంట్లో గులాబీ మంట మూడో చోట వెలుగుతోంది.

“తీస్తే రెండ్రోజులు పోద్దండి. ఉంచేస్తే ఎవరికీ తెలీదు. ఏమంటారు?” అని నా ముఖంలోకి చూశారు.

డాక్టరు గారికి ఫోను చేసి, తప్పు నాదేనని చెప్పాను.

“ఆ కిటికీ పక్కన పడుకునేది కిలోన్నర బిడ్డయ్యా. ప్రారంభం ఆగితే ఆగుద్ది, తీసెయ్యండి,” అన్నారావిడ.

నేను ఫోను పెట్టేలోపే మేస్త్రి కత్తి అద్దం అంచున పట్టించిన సిలికాన్ జిగురులో దిగింది. గంటన్నర పాటు ఆ చెయ్యి ఎక్కడా తొందరపడలేదు. అంచు పెచ్చు లేవకుండా అద్దం మొత్తంగా మా చేతుల్లోకి వచ్చింది.

బుధవారం ఆసుపత్రి తెరిచారు. మధ్యాహ్నం మూడింటికి, ఎండ నేరుగా కొడుతుండగా, తిప్పి బిగించిన ఆ కిటికీ లోపలి అద్దం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. చెయ్యి కాలలేదు, తీసెయ్యాలనిపించలేదు. “కాస్త జరగండి సార్,” అంటూ నర్సు మొదటి ఇంక్యుబేటర్‌ను ఆ కిటికీ పక్కకే తోసుకొచ్చింది.