మహబూబ్ ఘాటు మీదికి, వీపున పలకతో

ఇచ్చోడ దగ్గరి ఒక ఊళ్లో నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. ఉండేది ఇచ్చోడలో, బడి అక్కడికి నాలుగు మైళ్లు. బస్సు లేదు, సైకిలు మీదే పోవాలి. కరీంనగర్‌లో ఇంటి నుంచి కాన్వెంటు దాకా తప్ప సైకిలు తొక్కి ఎరగని నన్ను అడవి దారిన పంపడానికి బాపు ఒప్పుకోలేదు. నిర్మల్ సైకిలు దుకాణాల వాళ్లు ఏటా చలికాలంలో ఘాటు పందెం పెడతారని ఆయనకు ఎవరో చెప్పారు. నిర్మల్ దాటాక వచ్చే కొండదారి మహబూబ్ ఘాటును కాలు కింద పెట్టకుండా గంటలోపు ఎక్కాలి.

"గా ఘాటు ఎక్కి చూపియ్యి బిడ్డా," అన్నారు బాపు. "ఎక్కితే నీ సామాను నేనే మోసి ఇచ్చోడల దింపుత. ఎక్కకపోతే ఆ ముచ్చట మళ్ల ఎత్తొద్దు."

పొద్దున ఆరున్నర బస్సుకు బయల్దేరాం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూరులో బస్సు మారాలి. టికెట్టుకు నాలుగు రూపాయల లోపే అయింది, సైకిలు పైన కట్టినందుకు ఇంకో ఎనిమిదణాలు. ఆర్మూరు డ్రైవరు తాడు బిగిస్తూ నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ పిల్ల ఘాటెక్కుతదా? మా బస్సే ఆడ రెండుసార్లు ఆగి నీళ్లు తాగుతది."

"ఎక్కుతదో లేదో చూసొద్దామనే పోతున్నం," అన్నారు బాపు.

సోన్ దగ్గర గోదావరి సన్నగా, ఇసుక మాత్రం చూసినంత మేర ఉంది. మధ్యాహ్నానికి నిర్మల్ చేరి బస్టాండు వెనక ఒక పూటకూళ్లామె ఇంట్లో దిగాం. రాత్రి జొన్నరొట్టె, వంకాయకూర పెట్టింది. నేను రెండో రొట్టెకు చాలన్నాను. "రెండింటికే చాలంటవా? ఇంకొకటి తిను. ఘాటు మీద ఆకలైతే ఎవలు పెడ్తరు," అని మూడోది వేసింది. ఆమె మాట విని మంచిపని చేశాను.

ఈ పందెంలో నన్ను మొదట ఆకట్టుకున్నది కాలం లెక్కగట్టే పద్ధతి. తెల్లవారక ముందే రెండు గడియారాలు కలిపి, ఒకటి కింద ఉంచి రెండోది పైకి పంపుతారు. ఒక్కొక్కరినీ రెండేసి నిమిషాల ఎడంతో వదులుతారు. బయల్దేరే వేళను పిల్లల పలక మీద సుద్దతో రాసి వీపుకు కడతారు. పైన నిర్మల్ డ్రాయింగు మాస్టరు ఒకరు ఆ పలక చదివి లెక్క చెబుతారు. దారిలో కాలు కింద పెట్టినవాళ్లు తమ పలక తామే తుడిచేసుకోవాలి. మలుపుల దగ్గర కాపలా ఎవరూ ఉండరు.

మాకు ముందున్నవాళ్లంతా వెళ్లాక వరసగా కలప బండ్లు రావడంతో చాలాసేపు ఆపారు. మిగిలింది ఇద్దరమే, నేనూ, నా వెనక భైంసా దర్జీ విఠల్‌రావు గారు. లావుపాటి మనిషి, తలపాగా చుట్టుకున్నారు.

"జర ఆరామ్‌గ పో బాయీ," అన్నారు, భైంసా వైపు ఆడవాళ్లను పిలిచే తీరులో. "తొందరేం లేదు, ఎనకాల నేనే ఉన్న. నన్ను చూసి ఎవలూ భయపడరు."

నా పలక మీద ఎనిమిదీ పది అని రాశారు.

మొదటి మలుపు దాకా ధైర్యంగానే ఉంది. రాలిన టేకు ఆకులు చక్రం కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. రెండో మలుపు తర్వాత జీను మీద కూర్చుంటే సైకిలు కదలలేదు. లేచి నిలబడి, అటూ ఇటూ ఊగుతూ తొక్కాను. ఒకచోట కండలు తిరిగిన యువకుడు గట్టు మీద కూర్చుని తువ్వాలుతో తన పలక తుడుచుకుంటున్నాడు. చుట్టూ అడవి తప్ప చూసేవాళ్లు లేరు. "నువ్వు పో చెల్లె. నాది అయిపోయింది," అన్నాడు. ఆ మాటతో నా కాళ్లకు ఇంకొంత బలం వచ్చింది.

పైకి చేరాను. పైకి పంపిన గడియారంతో పాటే ముందుగా వచ్చిన బాపు లేచి నిలబడ్డారు. మాస్టరు గడియారం చూసి, నన్ను వెనక్కి తిరగమన్నారు.

"అమ్మా, పలక మీద ఏం లేదు."

ఊగిన ప్రతిసారీ నా జడ పలకను తుడిచేసింది. జడ కొస తెల్లగా ఉంది. ఎనిమిదీ పదికి బయల్దేరానని చెప్పాను, నాకే సరిగా వినపడలేదు.

"నువ్వు అబద్ధమాడుతున్నవని అంటలేను," అన్నారాయన. "నీ నోటిమాట తీసుకుంటే రేపు అందరూ నోటితోనే చెప్తరు. నీ ఎనక ఎవలన్న ఉన్నరా? ఉంటే వాళ్ల పలక చూసి రెండు నిమిషాలు తీసేస్త."

విఠల్‌రావు గారి పేరు చెప్పగానే అక్కడున్నవాళ్లు నవ్వారు. "ఆయన మూడేండ్ల సంది రెండో మలుపు కాడ పలక తుడుచుకొని నీడకు పండుకుంటడు," అన్నారొకరు. ఆదిలాబాద్ నుంచి బస్సు రాగానే పందెం ముగిస్తారు, మాస్టరు అదే బస్సులో నిర్మల్ వెళ్లిపోతారు.

చివరి మలుపు దాకా పరుగెత్తాను. కింద, చాలా కింద, ఒక తలపాగా రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకుతూ వస్తోంది. తరగతిలో జవాబు తెలిసినా చేయి ఎత్తని దాన్ని, గొంతు చించుకుని అరిచాను.

"విఠల్‌రావు గారూ, దిగకండి. మీ పలక కావాలి."

వెనకే వచ్చిన బాపు నన్ను ఒక క్షణం చూశారు. తర్వాత నాకంటే గట్టిగా అరిచారు. "ఓ దర్జీ సాబ్, కాలు పెట్టకు. జర తొక్కు."

"దిగనియ్యరు గద మీరు," అని రొప్పుతూ వచ్చారాయన. గంట ఎప్పుడో దాటింది, అయినా కాలు పెట్టలేదు. ఆయన పలక మీద ఎనిమిదీ పన్నెండు చక్కగా ఉంది.

"ఈ బాయి నా ముంగటనే పోయింది," అని మాస్టరుకు చెప్పి, తలపాగా తీసి గుండు తుడుచుకున్నారు. "నా పలకకేం ఫికర్ లేదు సారూ. జడ ఏడిది, జుట్టే లేదు."

మాస్టరు వేళ్ల మీద లెక్కవేసి యాభై నాలుగు నిమిషాలన్నారు. అప్పుడే బస్సు వచ్చి ఆగింది. బాపు నేరుగా కండక్టరు దగ్గరికి వెళ్లి, "ఇచ్చోడకు పొద్దుగాల మొదటి బస్సు ఎన్ని గంటలకు? సామాను జర ఎక్కువున్నది, పుస్తకాల పెట్టెలే రెండు," అన్నారు.

ఆ ఘాటు గురించి తలచుకుంటే నాకు టేకు అడవి కంటే ముందు మనుషులే గుర్తొస్తారు. ఎవరూ చూడని చోట తన పలక తుడుచుకున్న యువకుడు, వేళ దాటిపోయాక కూడా పైదాకా తొక్కిన దర్జీ. వాళ్లు లేకపోతే నా యాభై నాలుగు నిమిషాలకు అర్థం లేదు. మీరూ వెళ్లదలిస్తే ముందురోజే నిర్మల్ చేరండి. ఆడవాళ్లు జడను కొప్పు చుట్టుకోండి. అది మరిచినా, మీ వెనక బయల్దేరేవారి పేరు మాత్రం అడిగి పెట్టుకోండి.