పాప నుదుటి సింధూరం

పాప రక్తంలో సీసం ఉందని డాక్టరు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రెండేళ్ల చెకప్‌లో మామూలుగా చేసే టెస్టే అది. కొన్నాళ్లకు మళ్లీ చూస్తామని, పెరిగితే ఆసుపత్రిలో చేర్చాలని, ముందు అది ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోమని నర్సు చెప్పింది. మెదడు ఎదుగుదలకు చేటు అని కూడా అంది.

షికాగో దగ్గర అరోరాలో మా ఇల్లు కొత్తది కనుక, పాత ఇళ్లలోలా గోడల పెయింటులో సీసం ఉండదు. పసుపు పారేశాను, కారం పారేశాను, బొమ్మలు పారేశాను.

"ఇక నన్నొక్కణ్ణే పారెయ్యలేదు," అన్నాడు మా ఆయన.

"అదే ఆలోచిస్తున్నా," అన్నాను. నాకు ఒళ్లు మండిపోతోంది.

ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉండి, శనివారం పాపనీ, మా దగ్గర ఉండటానికి వచ్చిన అత్తగారినీ షికాగోలో మ్యూజియంకి తీసుకెళ్లాను. అక్కడ ప్రాచీన ఈజిప్టులో చెక్కపలక మీద వేసిన ఒక స్త్రీ బొమ్మ ఉంది. ఆమె బట్టది నారింజ కలిసిన ఎరుపు, నిన్ననే అద్దినట్టుంది.

"చూడమ్మా, అచ్చం మన ఆంజనేయస్వామి సింధూరం రంగే!" అని మురిసిపోయారు అత్తగారు.

పక్కనున్న వివరం చదివాను. ఆ రంగు సీసాన్ని కాల్చి చేసిన పొడి అట.

చప్పున పాప నుదుటి వైపు చూశాను. రోజూ పూజ అయ్యాక, దిష్టి తగలకూడదని అత్తగారు పాప నుదుట పెట్టేది ఊరి నుంచి తెచ్చిన సింధూరమే. పాప దాన్ని వేలితో తుడుచుకుని నోట్లో పెట్టుకునేది. చూసి ఎన్నిసార్లు నవ్వుకున్నామో!

"అత్తయ్యా, మీ సింధూరం టెస్ట్ చేయించాలి."

ఆవిడ ముఖం మాడిపోయింది. "దేవుడిదమ్మా. అందులో విషం ఎందుకుంటుంది?"

సోమవారం సింధూరం భరిణె తీసుకెళ్లి ల్యాబ్‌లో ఇచ్చాను. దాని నిండా సీసమేనని తేలింది.

ఆ సంగతి చెప్పగానే అత్తగారు బొట్టు పెట్టే తన ఉంగరపు వేలు చూసుకున్నారు. "నా చేత్తో నేనే పెట్టానా?" అన్నారు. అప్పటిదాకా ఆవిడ మీద కోపంతో ఉడికిపోతున్నాను. ఆ మాట విన్నాక ల్యాబ్ రిపోర్టు మడిచి పక్కన పెట్టేశాను.

సింధూరం మానేశాక చేసిన రెండో టెస్టులో పాప రక్తంలో సీసం తగ్గింది. మర్నాడు పూజ అవగానే పాప వెళ్లి, కళ్లు మూసుకుని నుదురు ముందుకు చాపింది. "నానమ్మా, బొట్టు!"

అత్తగారు రెండు చేతులూ కొంగులో దాచుకున్నారు. నేనే ఆవిడ చెయ్యి బయటికి లాగి, ఖాళీ వేలిని పాప నుదుటికి ఆనించాను.