చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు

మొన్న ఖమ్మం మార్కెట్‌లో సముద్రపు చేప అడిగితే, "వేట బంద్ ఉందమ్మా, జూన్ దాకా రాదు" అన్నాడు అమ్మేటాయన. నాకు నాన్న గుర్తొచ్చాడు.

నాన్న కాకినాడలో మరపడవ మీద పనిచేసేవాడు. అమ్మ లేదు. చండ్రుగొండ దగ్గర మా ఊళ్లో నేనూ నానమ్మా ఉండేవాళ్లం. ఎండాకాలం వేట ఆపినప్పుడే ఆయన ఇంటికొచ్చేవాడు. ఎన్నిసార్లు ఉతికినా ఆయన చొక్కాకు డీజిల్, ఉప్పుచేప వాసన పోయేది కాదు.

"వేట ఎందుకు బంద్ చేస్తరు నాన్నా?" అని ఒకసారి అడిగాను.

"ఇప్పుడు చేపలు గుడ్లు పెడతయ్ బిడ్డా. ఇప్పుడే పట్టుకుంటే రేపటికి ఏం మిగలయ్. పిల్లలైనంక మళ్ల పోతం."

గుడ్లు పెట్టడం అయిపోతే నాన్న వెళ్లిపోతాడని మాత్రమే నాకు అర్థమైంది.

"చేపలకు ఇంకొన్ని దినాలు గుడ్లు పెట్టమని చెప్పు" అన్నాను. నాన్న నవ్వలేదు. నా తల మీద చెయ్యి వేశాడు.

తొలకరి వానలకు ఆయన సంచి సర్దుకున్నాడు. బస్సు కదిలాక నానమ్మ వెనక ఇంటికి నడుస్తూ, సముద్రంలో చేపపిల్లలన్నీ ఇప్పుడు అమ్మానాన్నల దగ్గరే ఉంటాయని కుళ్లుకున్నాను.

సముద్రపు చేపల్లో చాలావరకు గుడ్లు వదిలి వెళ్లిపోతాయని, పిల్లల కోసం ఆగవని చాలా ఏళ్లకు చదివాను. అప్పటికి నాన్న పడవ పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.